చేతికి పట్టీ కట్టని విందు

కృపానందం ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. ఉప్పల్ నుంచి హనుమకొండ, హనుమకొండ నుంచి ఉప్పల్. బస్సులో ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని రాసి ఉంటుంది చూశారా, ఆ మాటను ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడని భార్య లూర్దమ్మ దెప్పేది. దెప్పినా నవ్వేవాడే తప్ప బదులు చెప్పేవాడు కాదు. నాచారంలో వాళ్ల చర్చిలో ఆయనది వెనక నుంచి రెండో బెంచీ. సాక్ష్యం చెప్పమంటే తల వంచుకునేవాడు, పాట ఎత్తుకోమంటే దగ్గేవాడు. పాస్టరు అయ్యగార్లు ఎంతమంది మారినా ఆ దగ్గు మాత్రం మారలేదు.

అలాంటి మనిషి, రిటైరైన మరుసటి ఏడు, ఒక వేసవి ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాడు.

కూతురు ఫెబా పెళ్లి ప్రకటన మూడోసారి చదివిన రోజది. మూడు ఆదివారాలు వరసగా చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని అడగడం వాళ్ల పద్ధతి. ఎవరికీ అభ్యంతరం లేదు. అయ్యగారు కళ్లద్దాలు తీసి, "కుటుంబం తరఫున ఎవరైనా ఒక మాట చెప్తారా?" అన్నారు. ఆయన చూపు లూర్దమ్మ మీదే ఉంది. అందరి చూపూ ఆమె మీదే ఉంది. లేచింది మాత్రం కృపానందం.

"మా ఫెబా పెండ్లికి మీరందరు రావాలె," అన్నాడు. ముందు బెంచీని పట్టుకున్నాడు గానీ ఆగలేదు. "కార్డు రాలేదనుకోవద్దు. ఇండ్లకు తాళాలేసి రావాలె. పిల్లల్ని తోల్కరాండ్రి, ముసలోళ్లను తోల్కరాండ్రి, పక్కింటోళ్లను గూడ తోల్కరాండ్రి. ఒక్కరు తినకుండ పోయినా నా మనసుకు మంచిగుండది."

సంఘమంతా "ఆమేన్" అంది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. మాట్లాడని మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో ఆ రోజు అందరికీ తెలిసింది. ఆ ఊపు ఇంటికొచ్చినా తగ్గలేదు. జనగామ అవతల ఉన్న సొంతూరికి ఫోన్ చేసి, అక్కడి చర్చిలో కూడా తన మాటగా అందరికీ చెప్పమన్నాడు. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాక గానీ తాను చేసిన పని ఏమిటో ఆయనకు తెలిసిరాలేదు.

అనుకున్నది మూడు వందల మంది. పెళ్లికొడుకు బ్లెస్సన్ వాళ్లది ఏఎస్ రావు నగర్. పెళ్లినాటి మధ్యాహ్నం విందు ఆడపిల్లవాళ్లు పెట్టాలని, మర్నాటి విందు మగపిల్లవాడి వాళ్లు పెట్టాలని రెండిళ్లూ కలిసి అనుకున్నాయి. చర్చి ఆవరణలో కొత్త భవనానికి పునాదులు తవ్వారు, టెంటు వేసే జాగా లేదు. పైగా ఎండలు మండిపోతున్నాయి. "మమ్మీ, ఏసీ ఉన్న హోటల్ హాల్ ఒక్కటి చాలు, ఇంకేం అడగను," అంది ఫెబా. హోటల్ అంటే ప్లేటుకింత అని లెక్క. ఇప్పుడు కృపానందం పిలుపుకి ఎంతమంది వస్తారో కృపానందానికే తెలియదు. వచ్చినవాళ్లలో ఒక్కరిని గుమ్మం దగ్గర ఆపినా ఆయన ఇక ఆ చర్చిలో ఏ బెంచీ మీదా కూర్చోలేడు.

లూర్దమ్మ స్త్రీల కూటం ముగించుకుని వచ్చేదాకా ఆయన తిట్లకు సిద్ధపడుతూ కూర్చున్నాడు. ఆమెకు తిట్టడం రాక కాదు. దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఆమె వార్డులోకి వస్తోందంటే రోగుల మంచాల మీద కూర్చున్న చుట్టాలు లేచి నిలబడతారు. ఇక బేరం సంగతి చెప్పనే అక్కర్లేదు. కూరగాయల బండివాడు ఆమెను చూడగానే తనంతట తానే తగ్గించి చెబుతాడు. ఆమె అక్కడి నుంచి మొదలుపెడుతుంది. అలాంటి ఇల్లాలు బైబిలు సంచీ కొక్కేనికి తగిలించింది, మంచినీళ్లు తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది.

"రేపు నాకు ఆఫ్ ఉంది. పా, హోటళ్లు సూసొద్దాం," అంది.

అంతే. కృపానందానికి తిట్లు పడినా ఇంత భయం వేసేది కాదు.

*

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక అద్దాల హోటల్. లోపల అడుగు పెట్టగానే ఆయనకు చలేసింది. సేల్స్ మేనేజరు హృషికేశ్ చిన్నవాడు, చేతిలో ట్యాబ్, నోటి నిండా ప్యాకేజీలు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. పప్పు మూడింట్లోనూ అదే పప్పు, ప్లాటినంలో గిన్నె మెరుస్తుంది. వెల్‌కమ్ డ్రింక్ అని ఒకటుంది, రంగు నీళ్లకు పెట్టిన ముద్దు పేరు.

"తిన్నవా బిడ్డా?" అంది లూర్దమ్మ, ట్యాబ్ వంక చూడకుండా.

ఆ పిల్లవాడు తడబడ్డాడు. "లేదు మేడమ్. మీటింగ్ అయ్యాక..."

"పొద్దు ఎంతైంది! గిట్లయితే గ్యాస్ పడ్తది. జల్దీ మాట్లాడుకుందాం, నువ్వు పోయి తినాలె."

ఆమె బేరం ఎక్కడా బేరంలా ఉండదు. గొంతు పెంచదు, ధర విని గుండెలు బాదుకోదు. సూది వేసే ముందు రోగితో ఇంటి సంగతులు మాట్లాడే అలవాటు ఆమెది. ఆ రోగి తన చెల్లెలి పెళ్లి గురించో, పొలం గురించో చెబుతూ ఉండగానే పని అయిపోయి దూది చేతికొస్తుంది. ఇక్కడా అలాగే జరిగింది. అతనిది ఏ ఊరు, అమ్మకు బీపీ ఉందా, ఏ మాత్ర వేసుకుంటోంది, ఇవన్నీ మాట్లాడుతూ మధ్యలో అడిగింది.

"ఇప్పుడు మూఢం నడుస్తుంది గదా బిడ్డా?"

"అవును మేడమ్, ఇంకో నెల దాకా ముహూర్తాల్లేవు."

"అంటే నెల దినాలు మీ హాలుకు తాళమే. మాకు మూఢం లేదు. ఆ తాళం తీసేటోళ్లం మేమే."

హృషికేశ్ నవ్వేశాడు. నవ్వాడంటే సగం పని అయినట్టే. ప్లేటు ధర ఒక మెట్టు దిగింది, తర్వాత ఇంకో మెట్టు. స్టేజీ పూలు ఉచితం అన్నాడు. లోపలికి వెళ్లి పెద్ద మేనేజరుతో మాట్లాడి వచ్చి ఇంకాస్త దించాడు. కృపానందం మనసులో స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ ధరకైతే ఐదు వందల మంది వచ్చినా తట్టుకోగలరు.

"ఒక్కటే మేడమ్," అన్నాడు హృషికేశ్. "కౌంట్ దగ్గర గొడవ రాకుండా ఎంట్రన్స్‌లో గెస్టుల చేతికి రిస్ట్ బ్యాండ్ కడతాం. బ్యాండ్ ఉన్నవాళ్లే డైనింగ్‌లోకి. మీరు ఎన్ని చెప్తే అన్ని బ్యాండ్లు ఇస్తాం."

"బ్యాండ్లు అయిపోయినంక ఇంకొకరు వస్తే?"

"మా వాళ్లు ఆపి మీకు చెప్తారు. మీరు ఓకే అంటేనే పంపిస్తాం."

లూర్దమ్మ తన మణికట్టు వంక చూసుకుంది. "చేతికి పట్టీలు మేం దవాఖానాల పేషెంట్లకు కడ్తం బిడ్డా. పెండ్లికి వచ్చినోళ్లకు కట్టం," అంది.

"ఇప్పుడు అన్ని హోటళ్లలోనూ ఇదే సిస్టం మేడమ్. కావాలంటే ప్లేటుకి ఇంకో ఇరవై తగ్గిస్తాను."

"నీ రేటు మంచిగనే ఉంది. నీ పట్టీనే మంచిగ లేదు. పోయి అన్నం తిను, దేవుడు నిన్ను దీవించాలె," అని లేచింది. నిజంగా దీవించింది కూడా. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

బయట ఎండలో మెట్రో పిల్లర్ నీడన నిలబడ్డాక కృపానందం ఉండబట్టలేక అడిగాడు. "ఏమే, గంత తగ్గించిండు గదా?"

"సారమ్మత్త యాదికుందా?" అంది ఆమె.

ఎందుకుండదు! ఆయన మేనత్త. తల్లి పోయాక చేతులతో పెంచిన మనిషి. పోయి నాలుగేళ్లయింది.

"మీ చిన్నన్న కొడుకు పెండ్లి హోటల్‌ల చేసిన్రు గదా. నువ్వు ఆ దినం డ్యూటీల ఉంటివి. గేటు కాడ ఆమెను ఆపి కార్డు సూపియ్యమన్నరు. ఆమె కాడ కార్డేముంటది? నేను లోపట ఉన్న, నాకు తెల్వదు. ఆమె ఎవరినీ పిలువలే, ఎవరికీ చెప్పలే. బస్సెక్కి ఊరికి పోయింది. దవాఖానాల ఆఖరు దినాలల్ల నాకు చెప్పింది. నీకు చెప్పొద్దన్నది, నీ మనసు ఖరాబైతదని." లూర్దమ్మ ఆటో కోసం రోడ్డు వంక చూస్తూ చెప్పింది. "ఆకలైతుండె బిడ్డా అన్నది."

 కృపానందం తాను చర్చిలో లేచి ఏదో పొరపాటు చేశానని అప్పటిదాకా అనుకుంటున్నాడు. ఆ క్షణం నుంచి అలా అనుకోలేదు.

*

నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో, ఫ్యాక్టరీల వెనక, కింద టిఫిన్లూ పైన ఏసీ హాలూ ఉన్న హోటల్ ఇంకొకటి. దాని మేనేజరు ఉమామహేశ్వర్‌కి యాభై దాటి ఉంటాయి. భుజం మీద తువ్వాలు, కళ్ల కింద నలుపు. అతనికి ట్యాబ్ లేదు, ప్యాకేజీల పేర్లు లేవు. ధర చెప్పాడు, కుర్చీలు చూపించాడు, చాయ్ తెప్పించాడు.

ఇక్కడ లూర్దమ్మ తీరే వేరు. ధర తగ్గించమని అడగనే లేదు. కావలసినవీ అక్కర్లేనివీ తేల్చుకుంటూ పోయింది. రంగు నీళ్లు వద్దు. పుల్లలకు గుచ్చిన పనీర్ ముక్కలు వద్దు, ఎండన పడి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇస్తే చాలు. చాక్లెట్ కారే గోపురం అసలే వద్దు. రాజుల కుర్చీలు వద్దు, పిల్లా పిల్లాడూ మామూలు సోఫాలో కూర్చుంటారు. మటన్ బిర్యానీ, చికెన్, పప్పు, పెరుగన్నం మాత్రం కడుపు నిండా ఉండాలి. ఒక్కొక్కటి తీసేస్తుంటే ధర దానంతట అదే దిగింది. కృపానందం గోడ మీది క్యాలెండర్ చూస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాడు. ఆయనకు లోలోపల గర్వంగా ఉంది. ఇన్నేళ్లూ ఈమె బేరమాడుతుంటే సిగ్గుపడి నాలుగు అడుగులు దూరంగా నిలబడినవాడు ఆ రోజు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎంతమంది అమ్మా?" అన్నాడు ఉమామహేశ్వర్.

"తెల్వదు తమ్మీ."

"తెల్వకపోతే ఎట్లమ్మా?"

"మా ఆయన అందర్ని పిలిచిండు. అందరంటే ఎందరో దేవునికే తెల్వాలె. నీ కాడ లెక్క ఎట్ల?"

ఉమామహేశ్వర్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ప్లేట్ల కాడ మా మనిషి నిలబడతడు. మీ మనిషి గూడ నిలబడతడు. మేం ఐదొందలంటం, పెండ్లోళ్లు నాలుగొందలంటరు. ప్రతి పెండ్లి ఆఖరుకు పంచాయతేనమ్మా. అటు పిల్లను సాగనంపుకుంట ఇటు ప్లేట్లు లెక్కపెట్టుకుంటం. మొన్న ఒకాయన నా కాలర్ పట్టుకున్నడు."

"అన్నం కాడ నిలబడి తినేటోళ్లను లెక్కపెడితే తినబుద్ధి కాదు తమ్మీ."

"నాకు మాత్రం బుద్ధి అవుతదా? పని గదా."

లూర్దమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నేనొకటి చెప్త. డోర్ కాడ ఎవర్నీ ఆపొద్దు. ప్లేట్ల కాడ నీ మనిషి వద్దు, మా మనిషి వద్దు. వెనకాల గిన్నెలు కడిగే కాడ నువ్వు ఎట్లన్న సూసుకో, నీ ఇష్టం. అంతా అయినంక ఎంతమంది తిన్నరో నువ్వే చెప్పు. నువ్వు ఎంతంటే అంత. నేను మారుమాట అడగ."

కృపానందం చటుక్కున భార్య వంక తిరిగాడు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా రూపాయి వదలని మనిషి, ముక్కూ ముఖం తెలియని హోటల్‌వాడి చేతికి మొత్తం లెక్క అప్పజెబుతోంది!

ఉమామహేశ్వర్ ఆమె వంక అనుమానంగా చూశాడు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాడు పాపం. "నేను ఎక్కువ చెప్తే?"

"చెప్తే ఇస్త."

"గట్ల ఎవరూ అనరమ్మా."

"నువ్వు గట్ల చెప్పవు."

"మీకెట్ల తెల్సు?"

"కాలర్ పట్టుకున్నోని గురించి చెప్పినప్పుడు గూడ నువ్వు వాణ్ణి తిట్టలే తమ్మీ."

అతను కాసేపు తువ్వాలును మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత చెప్పిన ధరలోంచి తనే ఇంకొంత తీసేశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టు ముఖం పెట్టాడు. "సాయంత్రం ఒక కంపెనీ పార్టీ ఉందమ్మా. నాలుగింటికల్లా హాలు వాళ్లకు అప్పజెప్పాలె. గదొక్కటే నా చేతిల లేదు," అన్నాడు.

"న్యాయమే," అని లూర్దమ్మ ఒప్పుకుంది.

*

పెళ్లి రోజు ఉమామహేశ్వర్ మాట నిలబెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర మజ్జిగ ఉంది తప్ప ఆపే మనిషి లేడు. ప్లేట్ల దగ్గర ప్లేట్లే ఉన్నాయి. చర్చిలోంచి జనం చీమల బారులా వచ్చారు. తాళాలేసి రమ్మన్నాడు కదా, నిజంగానే తాళాలేసి వచ్చారు. పక్కింటివాళ్లను తెచ్చారు, పక్కింటివాళ్ల అత్తగార్లను తెచ్చారు. కృపానందం గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ వందనాలు చెబుతూ, "తినండ్రి, ఇంక జర ఏస్కోండ్రి," అని వెంటపడి మరీ మాట్లాడాడు. తెల్ల చీరలో ఉన్న ఫెబా స్టేజీ మీంచి తండ్రిని చూపించి బ్లెస్సన్ చెవిలో ఏదో చెప్పి నవ్వింది.

ఒక్కటే లోటు. ఊరి నుంచి బయల్దేరిన డీసీఎం వ్యాను రాలేదు. ఘట్‌కేసర్ దగ్గర టైరు పోయిందని ఒకసారి, నారపల్లి ట్రాఫిక్‌లో చిక్కుకున్నామని ఇంకోసారి ఫోన్ వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషికి అక్కడ చిక్కుకుంటే ఎప్పుడు బయటపడతారో ఒకరు చెప్పనక్కర్లేదు.

చివరికి బండి వచ్చి హోటల్ ముందు ఆగేసరికి హాల్లో కుర్చీలు ఎత్తేస్తున్నారు. కంపెనీ వాళ్ల బెలూన్లు మెట్ల మీద ఎదురుచూస్తున్నాయి. బిర్యానీ గిన్నెలు కడగడానికి వెళ్లిపోయాయి. వ్యాను వెనక తలుపు తీస్తే నలభై మంది దాకా దిగారు. ఇస్త్రీ బట్టలు చెమటకు తడిసిపోయాయి, తలల్లో పూలు వాడిపోయాయి, పిల్లల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ముందు దిగింది సారమ్మ కొడుకు ఏసోబు. చేతిలో రంగు కాగితం చుట్టిన స్టీలు బిందె. ఎత్తేస్తున్న కుర్చీలను చూశాడు, కృపానందం ముఖం చూశాడు. అర్థం చేసుకున్నాడు.

"మేం దారిల తిన్నం బావా," అన్నాడు నవ్వుతూ. "పిల్లను సూసి, ప్రార్థన జేసి పోతం."

అబద్ధం. కృపానందానికి తెలుసు. ఏసోబుకీ తెలుసు ఆయనకు తెలుసని. ఇతని తల్లి కూడా ఇలాగే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయి ఉంటుంది. కృపానందం కళ్లు మండాయి. గబగబా వంటింటి వైపు నడిచాడు. ఏం చేయాలో తెలియదు, కాళ్ళు మాత్రం నడిచాయి.

లూర్దమ్మ అప్పటికే అక్కడుంది. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని ఉమామహేశ్వర్ ఎదురుగా నిలబడింది.

"హాలు నా చేతిల లేదమ్మా, ముందే చెప్పిన," అంటున్నాడతను. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "బిర్యానీ అయిపోయింది. ఇప్పుడు నన్నేం జేయమంటరు?"

"హాలు ఎవరడిగిన్రు తమ్మీ? హాలు వాళ్లది, న్యాయమే. కింద బండ్లు పెట్టే జాగ ఎవరిది?"

"సెల్లారా? సెల్లార్ల పెండ్లి భోజనమా అమ్మా?"

"నీడ ఉంది, నీళ్లున్నయి. నీ టిఫిన్ సెంటర్ల బియ్యం లేవా, పప్పు లేదా, గుడ్లు లేవా? వంటోళ్లు అలసిపోయిన్రు, నాకు కనబడుతుంది. గరిటె నాకియ్యి. మా పెండ్లి, నేను వండుకుంట. నువ్వు పొయ్యి ఒక్కటి అంటియ్యి."

ఉమామహేశ్వర్ ఆమెను చూశాడు, ఆమె వెనక గుమ్మంలో నిలబడ్డ కృపానందాన్ని చూశాడు. తువ్వాలు తలకు చుట్టుకుని వంటింట్లోకి కేకేశాడు. "అరే, పొయ్యిలు అంటియ్యండ్రి! ఎసర్లు పెట్టండ్రి!"

సెల్లార్లో నాలుగు స్కూటర్లు జరిపి, నీళ్లు చల్లి, పట్టాలు పరిచారు. అన్నం ఉడికేలోగా టిఫిన్ సెంటర్లో ఉన్న ఇడ్లీలన్నీ పిల్లల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఆ తర్వాత వేడి అన్నం, పప్పు, గుడ్డు పులుసు. అయ్యగారు వెళ్లిపోయారు కాబట్టి ప్రార్థన ఎవరు చేయాలని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే కృపానందం కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, వీళ్లు మస్తు దూరం నుంచి వచ్చిన్రు. మాకు వీళ్లను ఇచ్చినందుకు స్తోత్రం. ఆమేన్," అన్నాడు. ఇంత చిన్న ప్రార్థన ఆ సంఘంలో ఎవరూ విని ఉండరు. ఆకలి మీద ఉన్నవాళ్లకు అది బాగా నచ్చింది.

ఫెబా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అన్నం వడ్డించింది. బ్లెస్సన్ కోటు విప్పి స్కూటర్ మీద పడేసి మంచినీళ్లు పోశాడు. ఏసీ హాలు అడిగిన పిల్ల సెల్లార్లో చెమటలు కక్కుతూ ఒక్కో ముసలమ్మ ముందూ వంగి, "ఇంకొంచెం, నానమ్మా," అంటుంటే లూర్దమ్మ గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. పప్పు బకెట్ ఎవరు పట్టుకున్నారా అని చూస్తే ఉమామహేశ్వర్. ఏసోబు మూడోసారి పప్పు వేయించుకున్నాడు. దారిలో తిన్న మనిషి!

కృపానందం బయటికి వచ్చాడు. వ్యాను డ్రైవరు సీట్లోనే ఉన్నాడు, స్టీరింగు మీద తల ఆనించుకుని. పెళ్లికి బండి తోలుకొచ్చిన డ్రైవరును ఎవరూ పిలవరని కృపానందానికి తెలిసినంతగా ఎవరికి తెలుసు! తలుపు మీద చేత్తో కొట్టాడు.

"దిగు తమ్మీ. అన్నం తిందువు రా."

"నేను పెండ్లోణ్ణి గాదన్నా, కిరాయి బండి."

"నేను పిలుస్తున్న గదా, దిగు."

*

అందరూ వెళ్లాక, ఫెబా కూడా అత్తింటి కారెక్కాక, లూర్దమ్మ టిఫిన్ సెంటర్ బల్ల దగ్గర కూర్చుంది. "ఇగ చెప్పు తమ్మీ, ఎంతమంది?"

ఉమామహేశ్వర్ చెప్పాడు. కృపానందం మనసులో అనుకున్నదాని కంటే అది తక్కువే.

"కింద తిన్నోళ్లను కలిపినవా?" అంది లూర్దమ్మ.

"కింద ఎవరు తిన్నరమ్మా?"

"పప్పు బకెట్ పట్టుకున్నది నువ్వే గదా."

"నేను పట్టుకున్న. హోటల్ పట్టుకోలే."

ఆ తర్వాత జరిగిన బేరం కృపానందం జన్మలో చూడనిది. ఆమె పెంచమంటుంది, అతను పెంచనంటాడు. గుడ్లు ఊరికే రావంది, బియ్యం చెట్టుకు కాయవంది, గ్యాసు లెక్క తీసింది. అతను చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చివరికి గుడ్ల వరకు పైసలు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, అదీ ఆమె పోరు పడలేక. లూర్దమ్మ బేరంలో ఓడిపోవడం అదే మొదలు. ఓడిపోయి హాయిగా నవ్వింది.

బయట ఎండ తగ్గింది. ఇద్దరూ నాచారం వైపు నాలుగు అడుగులు వేశాక కృపానందం ఆగాడు.

"ఏమే, ఆ ఆదివారం సంది సూస్తున్న. తిడ్తవనుకున్న. తిట్టలే."

"ఇప్పుడు తిట్టాల్నా?"

"గది గాదు. ఆయన వెయ్యిమంది అని చెప్తే ఏం జేస్తుంటివి?"

"ఇస్తుంటి."

"గన్ని పైసలు యాడికెళ్లి తెస్తుంటివి?"

"యాడికెళ్లో. అప్పు జేస్తుంటి, రెండేండ్లు నైట్ డ్యూటీలు జేస్తుంటి." ఆమె ఆయన వంక తిరిగింది. ముఖం అంతా పొయ్యి సెగకు కందిపోయి ఉంది. "ముప్పయ్యేండ్ల సంది సూస్తున్న నిన్ను. నలుగుర్ల ఒక్క మాట అన్నది లేదు. ఒక్కసారి లేచి అందర్ని అన్నానికి పిలిచినవ్. గా మాటను అగ్గువ ధరకు పోనిస్తనా?"

కృపానందం రోడ్డు పక్కన, వచ్చేపోయే బండ్ల మధ్య, అందరూ చూస్తుండగా భార్య చేయి పట్టుకున్నాడు. ఈ మనిషితో ముప్పై ఏళ్లు బతికి ఈమెను ఇవాళే చూసినట్టు అనిపించింది. ఆ మాట చెప్పబోయి, చర్చిలోలాగే దగ్గాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, దూరంగా పోతున్న ఆటోను వీధంతా వినబడేలా కేకేసి పిలిచాడు.